సైలెన్సరు అతుకు – సిలికోన్ ట్యూబు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. ఉపన్యాసకులు బస్సు డిపో గరాజులో హెడ్ మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవారు.)



నాకు ముందు మాట్లాడినవారు రక్తపోటు గురించి, కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడారు. వాటి తరువాత నేను లేచి మోటార్ సైకిలు సైలెన్సరు గురించి మాట్లాడితే పెళ్ళి పందిట్లో పంక్చరు కథ చెప్పినట్లుంటుందని నాకూ తెలుసు. కాని కార్యదర్శిగారు వదలలేదు. "మీటింగుకు వచ్చేవాళ్ళలో సగం మంది బళ్ళ మీదే వస్తారండీ. చప్పుడు వింటే చాలు, ఎవరొచ్చారో లోపల కూర్చునే చెప్పేస్తాను" అన్నారు. ఆయన నవ్వుతూ అన్నారు గాని, నాకు నవ్వు రాలేదు. చప్పుడు విని బండిని గుర్తు పట్టగలుగుతున్నారంటే ఆ బండి సైలెన్సరు అతుకు ఎక్కడో వదిలిందన్నమాట.

మన బళ్ళు మనతోపాటే పెద్దవవుతున్నాయి. పిల్లలు కొత్త బండి కొనిపెడతామన్నా మనం వద్దంటాం. ఇరవై ఏళ్ళు సేవ చేసిన బండిని అమ్మబుద్ధి కాదు. అది మంచిదే. కాని పెద్దవయసు మనిషికి ఏటా పరీక్షలు ఎలా అవసరమో, పెద్దవయసు బండికీ అంతే అవసరం. అందులో మనం ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది సైలెన్సరు అతుకునే. "చప్పుడేగా, పోనీలే" అనుకుంటాం.

అది ఒట్టి చప్పుడు కాదు. ఇంజనులో పెట్రోలు కాలగా వచ్చే వాయువులు బెండు పైపులోంచి సైలెన్సరులోకి, అక్కడినుంచి వెనక గొట్టం ద్వారా బయటికి పోవాలి. అతుకు వదిలితే ముందే, మన కాలి పక్కనే బయటపడతాయి. గుర్తులు మూడు. ఒకటి, ఇంజను స్టార్టు చేయగానే టప్ టప్ మని పొడి చప్పుడు. రెండు, అతుకు చుట్టూ నల్లటి మసి. టూ స్ట్రోకు బండి అయితే ఆయిలు కలిసిన నల్లటి జిడ్డు. మూడు, వేగంగా పోతూ యాక్సిలేటరు వదిలేసినప్పుడు గొట్టంలో టపాసుల్లాగా పేలడం. లీకు గుండా బయటి గాలి లోపలికి పీల్చబడి, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి గొట్టంలో అంటుకుంటుంది. అదీ ఆ పేలుడుకు కారణం.

చప్పుడుతో పోయేది పరువు. వాయువుతో పోయేది ప్రాణం. ఈ మాట నేను పుస్తకం చదివి చెప్పడం లేదు. నా కథే విన్నవించుకుంటాను.

2014 జూలైలో, శనివారం సాయంత్రం. మరునాడు ఉదయం మా మనవరాలికి ప్రవేశ పరీక్ష. కేంద్రం మా ఊరికి ఇరవై కిలోమీటర్లు. "నేను దింపుతానమ్మా" అని మాటిచ్చాను. నాది 1999లో కొన్న స్ప్లెండర్. ఆ సాయంత్రం స్టార్టు చేస్తే టప్ టప్ మంటోంది. చూస్తే హెడ్డు దగ్గర, బెండు పైపు ఇంజనులోకి కూర్చునే చోట రింగు గ్యాస్కెటు పోయింది. వెల చూస్తే కొద్ది రూపాయల వస్తువు. కాని వానకు స్పేరుపార్టుల కొట్లు త్వరగా కట్టేశారు.

ముప్పై ఏళ్ళు గరాజులో పనిచేసినవాణ్ణి, ఏదో ఒకటి చేయలేనా అనుకున్నాను. స్నానాల గదిలో వాష్ బేసిన్ అంచుకు పూయగా మిగిలిన తెల్ల సిలికోన్ ట్యూబు కనిపించింది. పాత గ్యాస్కెటు మీదే అది దట్టంగా పూసి నట్లు బిగించాను. ఒక గంట ఆగాను. ఆ గంట ఆగడమే గొప్ప ఓపిక అనుకున్నాను. జల్లు లోపలికి కొడుతోందని షెడ్డు తలుపు మూసి, బండి స్టార్టు చేసి, లీకు ఆగిందో లేదో చూడడానికి అతుకు దగ్గర ముఖం పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాను. వేడెక్కేకొద్దీ సిలికోన్ కమురు వాసన వేసింది. ఒక పక్క పొక్కు లేచి ఊడింది. మళ్ళీ బిగించాను, మళ్ళీ చూశాను. పావుగంటో ఇరవై నిమిషాలో అయింది. తల బరువెక్కింది. వాంతి వచ్చేలా ఉంది. మధ్యాహ్నం తిన్న మిరపకాయ బజ్జీల మీదికి నెట్టేశాను.

మా ఇంటావిడ కాఫీ తెచ్చి తలుపు తీసింది కాబట్టి ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. ఆవిడ చెప్పిన దాన్నిబట్టి, పిలిస్తే నేను ముద్దముద్దగా ఏదో అన్నానట. లేవబోయి పడిపోయానట. ఆవిడ గ్లాసు అక్కడే పారేసి, ఇంజను ఆపి, పక్కింటి కుర్రవాణ్ణి కేకేసి, ఇద్దరూ నన్ను వానలోకి ఈడ్చారు. ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న "ఏం తిన్నారు" అని కాదు, "తలుపులు మూసి ఉన్నాయా" అని. ఆ రాత్రంతా ముక్కుకు ఆక్సిజను పెట్టి ఉంచారు.

మనవరాలు తండ్రితో బస్సులో వెళ్ళి పరీక్ష రాసి, హాల్ టికెట్ చేతిలో అలాగే పట్టుకుని తిన్నగా ఆసుపత్రికి వచ్చింది. "తాతయ్యా, బస్సులో వెళ్ళేదాన్ని కదా" అంది. అంతే. ఇంకేమీ అనలేదు. మిత్రులారా, సర్వీసులో నేను మెమోలు తీసుకున్నాను, చార్జిషీటుకు జవాబు రాశాను. ఆ ఒక్క మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ వాయువు పేరు కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగలో మిగతా వాటికి వాసన ఉంటుంది గాని, గరాజులో బతికిన నా ముక్కుకు ఆ వాసన ఎప్పుడో అలవాటైపోయింది. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ దొంగ ప్రయాణికులు ఆక్రమిస్తే టికెట్టు కొన్నవాడు స్టాండులోనే నిలబడిపోయినట్లు, ప్రాణవాయువుకు చోటుండదు. ముందు తలనొప్పి, తరువాత కళ్ళు తిరగడం, వికారం, ఆపైన తెలివి తప్పడం. గుండె జబ్బు ఉన్నవారికి మరీ ప్రమాదం. లీకు ఉన్నా లేకపోయినా మూసిన షెడ్డులో, ఇంట్లో, షట్టరు దించిన వాకిట్లో ఇంజను నడపకూడదు. ఎవరైనా అలా పడిపోతే ముందు తలుపులు తీసి, వారిని ఆరుబయటికి చేర్చి, 108కి ఫోను చేయండి. మంచినీళ్ళు, సోడా తరువాత.

ఇక సిలికోన్ దగ్గరికి వస్తాను. తప్పు సిలికోన్‌ది కాదు. ఎక్కడ పూయాలో, ఏది పూయాలో, ఎంతసేపు ఆగాలో తెలియకపోవడం నాది.

సిలికోన్ అంటే రబ్బరు చెట్టు పాలతో చేసిన రబ్బరు కాదు. ఇసుకలో ఉండే సిలికాన్, గాలిలో ఉండే ఆక్సిజను ఒకదాని తరువాత ఒకటిగా గొలుసుకట్టిన పదార్థం. మామూలు రబ్బరు గొలుసు కార్బనుది కాబట్టి వేడికి త్వరగా చెడుతుంది. ఈ గొలుసు చాలా వేడిని ఓర్చుకుంటుంది. 1940లో అమెరికాలో రోకో అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీనికి ముడిసరుకును చవకగా తయారుచేసే పద్ధతి కనిపెట్టాక సిలికోన్‌లు బజారులోకి వచ్చాయి. 1969లో చంద్రుడి మీద నడిచిన మనిషి బూటు అడుగు కూడా సిలికోన్ రబ్బరుదే.

ట్యూబులో వచ్చేదాన్ని ఆర్.టి.వి. అంటారు. మామూలు గది వేడిమిలోనే గట్టిపడేదని దాని అర్థం. అది ఎండకు ఆరడం వల్ల గట్టిపడదు. గాలిలో తేమను పీల్చుకుని పైనుంచి లోపలికి గట్టిపడుతుంది. రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే. అందుకే దట్టంగా పూస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగానే ఉంటుంది. పిండి కుదరని దిబ్బరొట్టెలాగ పైకి ఎర్రగా కనిపించి, లోపల జావ. మన కోస్తాలో గాలి తేమగా ఉంటుంది గనుక పని బాగానే సాగుతుంది. అనంతపురం వైపు ఏప్రిల్, మే నెలల్లో ఇంకా ఎక్కువసేపు ఆగవలసి రావచ్చు.

వేడి లెక్క చూడండి. బేసిన్‌కు పూసే మామూలు సిలికోన్ సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే నమ్మదగింది కాదు. బళ్ళ కోసం అమ్మే హై టెంపరేచర్ రకం, ఎక్కువగా ఎర్రటిది, సుమారు 260 డిగ్రీల వరకు నిలకడగా, 300 పైన కొద్దిసేపు ఓర్చుకుంటుంది. రాగి పొడి రంగులో ఉండేది మరికాస్త ఎక్కువ. అయితే రంగు చూసి కొనకండి, ట్యూబు మీద అంకె చూసి కొనండి. ఎరుపు రంగు ఎవరైనా కలపగలరు. గడువు తేదీ కూడా చూడండి.

మరి ఇంజను హెడ్డు నుంచి బయటికొచ్చే వాయువు వేడి ఎంత? బరువు మోస్తూ వేగంగా పోయేటప్పుడు 700 డిగ్రీలు కూడా దాటవచ్చు. అక్కడ ఏ సిలికోన్ నిలుస్తుంది? నిలవదు. కాబట్టి హెడ్డు దగ్గర అతుకుకు రింగు గ్యాస్కెటే వేయాలి, అదీ కొత్తది. ఆ రింగు ఒకసారి నలిగి సందు మూయడానికే చేసింది. నలిగినదాన్ని మళ్ళీ వాడితే మళ్ళీ నలగదు. స్ప్లెండర్ వంటి బళ్ళలో బెండు పైపు, సైలెన్సరు ఒకే ముక్క. ఇక సిలికోన్‌కు చోటెక్కడ? నేను పూసింది పూయకూడని చోట.

సిలికోన్‌కు చోటు వెనకాల ఉంది. బుల్లెట్టు వంటి బళ్ళలో బెండు పైపు వేరు, సైలెన్సరు వేరు. ఒకదానిలో ఒకటి దూర్చి క్లాంపుతో బిగిస్తారు. ముందు గొట్టమంతా గాలికి చల్లారుతూ వస్తుంది గనుక అక్కడికి వేడి బాగా తగ్గుతుంది. ఏళ్ళ తరబడి అదురుడుకు, తుప్పుకు ఆ సందు వదులవుతుంది. ఆ సన్నని సందు నింపడానికి హై టెంపరేచర్ సిలికోన్ పనికొస్తుంది. మా వీధిలో ఒక విశ్రాంత హెడ్మాస్టరుగారి బుల్లెట్టుకు నేను ఈ పద్ధతిలోనే చేశాను. రెండేళ్ళు దాటింది, నిలిచింది. ఆ పద్ధతి చెబుతాను. మీరే చేసినా, మెకానిక్ చేత చేయించినా, దగ్గర నిలబడి చూసుకోండి.

మొదటిది, బండి పూర్తిగా చల్లారాలి. రాత్రి ఉంచి పొద్దున మొదలుపెట్టడం మంచిది. పని ఆరుబయట, చెట్టు నీడలో పెట్టుకోండి.

రెండోది, విప్పడం. తుప్పు పట్టిన నట్టును బలంగా తిప్పితే స్టడ్డు విరుగుతుంది. పది రూపాయలతో పోయేది వేల మీదికి వస్తుంది. తుప్పు వదిలించే ఆయిలు వేసి ఒక పూట నాననివ్వండి.

మూడోది, శుభ్రం చేయడం. పనిలో ముప్పాతిక వంతు ఇదే. గొట్టం బయట, సైలెన్సరు మూతి లోపల మసి, తుప్పు, పాత సిలికోన్ అంతా గీకి, ఎమరీ పేపరుతో రుద్ది, థిన్నరు తడిపిన గుడ్డతో తుడవాలి. కిరసనాయిలుతో, పెట్రోలుతో తుడిచి వదిలేయకండి. జిడ్డు పొర మిగులుతుంది. జిడ్డు మీద సిలికోన్ పట్టదు. థిన్నరు దగ్గర బీడీ, సిగరెట్టు వద్దు. ఇంకొక హెచ్చరిక. పాత బళ్ళ గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. దాన్ని పొడిగా గీకి నోటితో ఊదకండి. నీళ్ళతో తడిపి, తడిగానే తీసి, కవరులో కట్టి పారేయండి. మా కాలంలో మేము ఊదేవాళ్ళం. అప్పుడు మాకు చెప్పినవాళ్ళు లేరు.

నాలుగోది, సిలికోన్ లేకుండా ఒకసారి కూర్చోబెట్టి చూడటం. రెండు గొట్టాలు తిన్నగా కలవాలి. పక్కకు లాగి బలవంతంగా కలిపితే మొదటి గతుకులోనే సిలికోన్ తెగుతుంది. సందు అగ్గిపుల్ల దూరేంత పెద్దదైతే అది సిలికోన్ పని కాదు. వెల్డింగో, కొత్త గొట్టమో చూసుకోవాలి. తుప్పు తిన్న రంధ్రానికీ ఇదే మాట.

ఐదోది, పూయడం. లోపలికి దూరే గొట్టం చుట్టూ, అంచుకు కాస్త వెనకగా, సన్న కారప్పూస మందాన ఒకే ఒక వరస. తెగకుండా చుట్టూ కలవాలి. ఎక్కువైతే లోపలికి పిండుకుపోయి, గట్టిపడి, ముక్కలై గొట్టంలో పడుతుంది. చేతికి తొడుగు వేసుకోండి, కళ్ళకు తగలనివ్వకండి.

ఆరోది, బిగించడం. పది నిమిషాల లోపల, పైన తోలు కట్టకముందే దూర్చాలి. క్లాంపును ముందు వేళ్ళతో బిగించి ఒక గంట వదిలేయండి. అది కాస్త పట్టు తెచ్చుకున్నాక స్పానరుతో మరి కొంచెం బిగించండి. రెండు నట్లు ఉంటే ఒకటి కొంచెం, రెండోది కొంచెం, మార్చి మార్చి.

ఏడోది, ఆగడం. ఇరవై నాలుగు గంటలు. తొందరగా చూద్దామని ఇంజను స్టార్టు చేసి వేడి పెట్టకండి. లోపల పచ్చిగా ఉన్నదాన్ని వాయువు ఊది చిల్లు చేస్తుంది. చూడటానికి చిన్న చిల్లే, కాని చేసిన పనంతా వృథా.

మరునాడు బండిని ఆరుబయట పెట్టి, స్టార్టు చేసిన వెంటనే, గొట్టం చల్లగా ఉన్నప్పుడే, సబ్బు నీళ్ళు అతుకు చుట్టూ చిలకరించి చూడండి. బుడగలు రాకపోతే మీ పని నెగ్గింది. బుడగ వస్తే మళ్ళీ మూడో మెట్టు నుంచి మొదలుపెట్టాలి. పైన పూతలు పూస్తే లాభం లేదు.

ఈ మధ్య పిల్లల దగ్గర కొత్త బళ్ళు ఉంటున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 బళ్ళలో సైలెన్సరు గొట్టంలో ఆక్సిజను సెన్సరు, కాటలిటిక్ కన్వర్టరు అనే వడపోత ఉంటాయి. సెన్సరుకు ముందు లీకు ఉంటే బయటి గాలి దూరి, సెన్సరు పొరబడి, ఇంజనుకు ఎక్కువ పెట్రోలు పోయిస్తుంది. కొన్ని సిలికోన్‌ల ఆవిరి సెన్సరును పాడుచేస్తుంది. పూసినప్పుడు వెనిగర్ వాసన కొట్టే రకం ఇంజను దగ్గరికే తేవద్దు. సెన్సర్ సేఫ్ అని రాసి ఉన్నదే వాడాలి. అసలు కొత్త బండికి కంపెనీ చెప్పిన గ్యాస్కెటు వేయించడమే క్షేమం. మన పాత విద్య అక్కడ చూపించవద్దు.

పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం వెళ్ళేముందు కూడా ఈ అతుకు చూసుకోండి. వాళ్ళు వెనక గొట్టంలో పెట్టి కొలుస్తారు. మధ్యలో లీకు ఉంటే ఆ కొలత సరైన కొలత కాదు. కాగితం చేతికొచ్చినా, పొగ మన కాలి పక్కనుంచి పోతూనే ఉంటుంది. వెనక కూర్చున్న మనవడి ముఖానికీ తగులుతుంది.

పెద్దలు అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ముగిస్తాను.

నేను గరాజులో ఉన్నన్నాళ్ళూ టైము మా నెత్తిన కూర్చునేది. ఐదు గంటల బస్సు ఐదింటికి గేటు దాటాలి. ఆ తొందర నా చేతుల్లోకి ఎక్కిపోయింది. పదవీ విరమణ చేసినా చేతులు విరమించలేదు. ఆ శనివారం నన్ను పడేసింది పొగ మాత్రమే కాదు, ఆ తొందర కూడా. మనకిప్పుడు గేటు దగ్గర బస్సు ఏదీ ఆగి లేదు. ఇరవై నాలుగు గంటలు ఆగగలిగిన ఉద్యోగం మనకు ఇన్నాళ్ళకు వచ్చింది. జీతం పెన్షనే అయినా దాన్ని సరిగ్గా చేద్దాం.

అమ్మా, అక్కయ్యలూ, మీకు ఒక మనవి. మీ ఇంటాయన షెడ్డులో బండి స్టార్టు చేసి తలుపు మూస్తే, పనిలో ఉన్నారు కదా అని ఊరుకోకండి. వెళ్ళి తలుపు తీయండి. కసురుకుంటే కసురుకోనివ్వండి.

మా మనవరాలికి ఆ పరీక్షలో సీటు వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఇంటికి వచ్చినప్పుడల్లా నా షెడ్డుకేసి ఒకసారి చూసి వెళుతుంది. ఇప్పుడు ఆ షెడ్డుకు తలుపు లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే ఊడదీయించాను.